820 దగ్గర ఏం జరిగింది?

సావనీర్‌లో లెక్కల వ్యాసం కనబడగానే చల్లగా పేజీ తిప్పేసే మిత్రులు మన కాలేజీలో తక్కువేం లేరు. ఈ ఒక్కసారికి తిప్పకండి. ఇందులో ఒక ముగ్గు ఉంది, ఒక తప్పుడు గైడు ఉంది, ఒక మహానుభావుడి పొరపాటు ఉంది, నా పిరికితనమూ ఉంది. వీటన్నిటికీ సంబంధం ఏమిటో చెప్పుకుని, ఆఖర్న యూనియన్ వారిని ఒక కోరిక కోరదలిచాను.

మాది వన్ టౌన్‌లో, బురుజుపేటకి దగ్గర్లో ఒక ఇరుకు సందు. మార్గశిర మాసం వచ్చిందంటే గురువారాల పూట తెల్లవారకుండానే మా సందులో కాలు పెట్టడానికి చోటుండదు. కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి పోయే జనం ఒక పక్క, గుమ్మాల ముందు ముగ్గులు ఒక పక్క. మా మామ్మ వేసేది చుక్కల ముగ్గు. పదిహేను చుక్కలు, పదిహేను వరసలు. చుక్కలన్నీ పెట్టడం పూర్తయితే గానీ గీత మొదలెట్టదు. స్కేలు పెట్టి కొలిచినా చుక్కకీ చుక్కకీ మధ్య దూరం తేడా రాదు. డెబ్బై ఏళ్ళు దాటిన చెయ్యి అది!

నేను ఫస్టియర్‌లో ఉండగా ఒక గురువారం, చుక్కలు పెట్టడం అయి గీత ఇంకా మొదలవకముందు, మూల చుక్క దగ్గర గొంతుక్కూర్చుని నేలకి తల ఆనించి చూస్తున్నాను.

"ఏట్రా అలా సూస్తన్నావు? ముగ్గు తొక్కీసి పోతావా ఏటి? అవతలికి జరుగు" అంది మామ్మ.

"కొన్ని చుక్కలు కనబడ్డం లేదు మామ్మా" అన్నాను.

"కనబడకపోడానికి ఏటైంది? అన్నీ పెట్టేను. లెక్కెట్టుకో" అంది.

అన్నీ పెట్టిన మాట నిజమే. కానీ ఆ మూల చుక్క మీద మీరు చీమంత మనిషై నిలబడ్డారనుకోండి. ప్రతి చుక్కా ఒక సన్నటి రాట అనుకోండి. అప్పుడు అన్ని రాటలూ కనబడవు. కుడికి 2, పైకి 3 దగ్గర ఉన్న చుక్క కనబడుతుంది. కుడికి 4, పైకి 6 దగ్గర ఉన్నది కనబడదు. అదే చూపులో, సరిగ్గా సగం దూరంలో, ముందు చెప్పిన చుక్క అడ్డంగా నిలబడి ఉంది మరి. 6, 9 దగ్గరున్న చుక్క కూడా దాని వెనకే. కారణం వెతికితే చిన్నదే. 4కీ 6కీ 2 అనే ఉమ్మడి భాజకం ఉంది. ఉమ్మడి భాజకం ఏది ఉన్నా, దానితో రెండు సంఖ్యల్నీ భాగించిన చోట ముందే ఒక చుక్క కూర్చుని ఉంటుంది. అలాంటి భాజకం లేకపోతే మధ్యలో అడ్డు వచ్చే చుక్కే లేదు. హైస్కూల్లో గ.సా.భా. అని మనచేత బట్టీ పట్టించింది ఇదన్నమాట. గ.సా.భా. 1 అయితే చుక్క కనబడుతుంది, 1 దాటితే దాక్కుంటుంది.

ఇందులో తమాషాలు బోలెడు. కుడికి 14, 15. పైకి 20, 21. ఈ సంఖ్యలతో వచ్చే నాలుగు చుక్కలూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నవే. నాలుగూ కనబడవు! కుడికి 1274 నుంచి 1276, పైకి 1308 నుంచి 1310 తీసుకుంటే తొమ్మిది చుక్కల పేట మొత్తం మాయం. ఇలా మీరు ఎంత పెద్ద చతురస్రం అడిగినా, ఒక్క చుక్కా కనబడని పేట ఎక్కడో ఒకచోట ఉండే తీరుతుందని రుజువు చేయవచ్చు. మెయిన్ రోడ్డు మీంచి బస్సులో పోయేవాళ్ళకి మా సందులు కనబడనట్టే అనుకున్నాను నేను. ఊళ్ళో ఉన్నాం, చూపులో లేం.

సరే, ఎన్ని కనబడతాయి? ఇదీ అసలు ప్రశ్న. మూల నుంచి ఎదుటి మూలకి గీత గీసి కింది సగం మాత్రమే చూద్దాం. మొదటి నిలువు వరసలో ఆ గీత దాకా కనబడేది ఒకటి. రెండో వరసలో ఒకటి. మూడులో రెండు, నాలుగులో రెండు, అయిదులో నాలుగు, ఆరులో రెండే, ఏడులో ఆరు, ఎనిమిదిలో నాలుగు, తొమ్మిదిలో ఆరు, పదిలో నాలుగు. అన్నీ కూడితే 32. ఒక్కొక్క వరసలో వచ్చే ఈ సంఖ్యనే సంఖ్యా సిద్ధాంతంలో ఆయిలర్ ఫై అంటారు. మనకి సిలబస్‌లో ఉంది, సూత్రం కూడా ఉంది. అది చుక్కలు లెక్కపెట్టడం అని మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు.

ఇక మొత్తం మీద ఎంత భాగం కనబడుతుందో అంచనా కట్టడం కూడా కష్టం కాదు. రెండు వైపులా 2తో భాగించబడే చుక్కలు నాలుగో వంతు, అవి పోతే నాలుగింట మూడు వంతులు మిగులుతాయి. అందులో 3 వల్ల పోయేవి పోగా తొమ్మిదింట ఎనిమిది, 5 వల్ల పోగా ఇరవై అయిదింట ఇరవై నాలుగు... ఇలా ప్రధాన సంఖ్యలన్నిటికీ గుణించుకుంటూ పోతే చివరికి తేలేది ఆరుని పై స్క్వేర్‌తో భాగించిన సంఖ్య. సుమారు 0.6079. అంటే నూటికి అరవై చుక్కల పైచిలుకు కనబడతాయి. గుండ్రంగా ఉన్నదేదీ లేని ముగ్గులోకి వృత్తం తాలూకు పై ఎక్కడినుంచి వచ్చిపడింది? పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ కనిపెట్టిన ఒక అనంత శ్రేణి పుణ్యం అది. దాని కథ వేరే చెప్పుకోవాలి. ఇప్పుడు మనకి కావలసింది ఇంతే: కింది సగంలో కనబడే చుక్కలు, వరసల సంఖ్యని వర్గం చేసి 0.30396తో గుణించినంత ఉంటాయి. సుమారుగా!

ఈ "సుమారుగా" అన్న మాట దగ్గరే నాకు పేచీ. దానికి ముందు నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి.

ఒకానొక ఇంటర్నల్ పరీక్షలో ప్రశ్న: 60కి ఫై విలువ ఎంత? మా అందరి చేతుల్లోనూ ఒక గైడు ఉంది. అందులో 18 అని అచ్చయి ఉంది. నేను పరీక్ష హాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టాను. 1, 7, 11, 13, 17, 19, 23, 29... ఇలా 59 దాకా. పదహారే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను, పదహారే. సూత్రం ప్రకారం వేశాను, పదహారే. 16 అని రాశాను. తర్వాత గైడు గుర్తొచ్చింది. అచ్చులో పడింది తప్పవుతుందా, నాదే ఏదో పొరపాటు అనుకుని, 16 కొట్టేసి 18 అని రాశాను. రెండుకి రెండు మార్కులు వేశారు.

నా క్లాసులోనే ఒకమ్మాయి 16 రాసి అలాగే ఉంచింది. సున్నా వచ్చింది. పేపరు పట్టుకుని అడగడానికి వెళుతూ, "నువ్వు కూడా పదహారే వేశావు కదా, కొట్టేసినా కనబడుతోంది, నాతో రా" అంది. నేను వెళ్ళలేదు. లైబ్రరీలో పని ఉందన్నాను. ఆమె ఒక్కతే వెళ్ళింది. "గైడులో 18 ఉంది కదమ్మా, అంతమంది రాసింది తప్పా?" అని పంపేశారట. రెండు మార్కులకి కొంప మునిగిందేమీ లేదు. కానీ ఆ తర్వాత ఆ అమ్మాయి క్లాసులో లేచి ప్రశ్న అడగడం నేను చూడలేదు. అంతకు ముందు గంటకి నాలుగు అడిగేది.

దిద్దినవారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. గంటలో అరవై పేపర్లు దిద్దే మనిషి పదహారు చుక్కలు ఎప్పుడు లెక్కపెడతాడు? గైడు వేసినవాడిని అని కూడా లాభం లేదు. పదహారు అని తెలిసీ కొట్టేసిన వెధవాయిని నేను.

ఇప్పుడు పెద్దాయన సంగతికి వద్దాం. జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ అనే ఇంగ్లీషు గణితవేత్త పేరు మనలో చాలామందికి తెలియకపోయినా, ఆయన పెట్టిన పేరు తెలుసు. మనం వేసే మేట్రిక్స్‌లకి ఆ పేరు పెట్టింది ఆయనే. ఈయన 1883లో, కనబడే చుక్కల మొత్తాన్ని 1000 వరసల దాకా పట్టిక వేశాడు. పక్కనే మన 0.30396 అంచనా కూడా. 10 వరసలకి అంచనా 30.4, అసలు 32. 100 వరసలకి అంచనా 3039.6, అసలు 3044. 1000 వరసలకి అంచనా 3,03,963.6, అసలు 3,04,192. ఎక్కడ చూసినా అసలు లెక్కే అంచనా కంటే ఎక్కువ. కాబట్టి ఎల్లప్పుడూ అంతేనని ఆయన నమ్మాడు, అలాగే ప్రకటించాడు. ఎవరు మాత్రం కాదంటారు? పట్టిక వేసినవాడు సిల్వెస్టరాయె!

అర్ధ శతాబ్దం గడిచింది. 1936లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి ప్రొసీడింగ్స్‌లో ఎం. ఎల్. ఎన్. శర్మ అనే ఆయన చిన్న వ్యాసం ఒకటి అచ్చయింది. సారాంశం ఒక్క వాక్యం: 820 దగ్గర అది తప్పు.

చూశారా, 820! కోటి కాదు, లక్ష కాదు. సిల్వెస్టర్ 1000 దాకా వేసిన పట్టిక పరిధిలోనే ఉన్న సంఖ్య. యాభై మూడేళ్ళు ఆ పట్టికలోనే, ఎదురుగుండా, కనబడకుండా కూర్చుంది.

నేను నమ్మలేదు. (గైడు దెబ్బ తిన్నాక దేన్నీ నమ్మకూడదని ఒట్టు పెట్టుకున్నాను లెండి.) ముందు 100 వరసల దాకా మా నాన్న తెచ్చిన పాత లెడ్జరు పుస్తకంలో చేత్తో వేశాను. నాలుగు రాత్రులు పట్టింది, రెండుచోట్ల తప్పాను, చివరికి 3044 వచ్చింది. మిగతాది కంప్యూటర్ ల్యాబ్‌లో పది లైన్ల ప్రోగ్రాముతో వేశాను. 819 వరసల దాకా కనబడేవి 2,04,056. అంచనా 2,03,886.9. అంటే ఇంకా 169 ముందున్నాం. ఇప్పుడు 820వ వరస వస్తుంది. ఆ ఒక్క వరసకి అంచనా 498 చుక్కల మేర పెరుగుతుంది. కానీ 820 అంటే నాలుగు, అయిదు, నలభై ఒకటిల లబ్ధం. అడ్డం వచ్చేవి ఎక్కువ. కనబడేవి 320 మాత్రమే. మొత్తం 2,04,376. అంచనా 2,04,385.09. తొమ్మిది చుక్కలు తక్కువ!

ఆ తొమ్మిది చుక్కల్ని తెర మీద చూసినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచిందంటే మీరు నవ్వుతారు. నవ్వండి. 1936లో శర్మగారికి ల్యాబూ లేదు, ప్రోగ్రామూ లేదు.

ఇంకో సంగతి నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. ఈ "సుమారు"కీ అసలుకీ మధ్య తేడా ఉందే, దాన్ని గణితంలో దోషపదం అంటారు. దాని మీద గట్టి దెబ్బ మొదట కొట్టినవాళ్ళలో ఇద్దరు మనవాళ్ళు: ఎస్. ఎస్. పిళ్ళై, సర్వదమన్ చౌలా. 1930లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ జర్నల్‌లో ఇద్దరూ కలిసి రాశారు. అప్పటికి ఒకరికి ముప్పై నిండలేదు, మరొకరికి పాతికేళ్ళు రాలేదు. వాళ్ళు తేల్చిందేమిటంటే, ఆ తేడా వరసల సంఖ్యకి ఏ స్థిరమైన రెట్టింపు లోపలా ఎల్లకాలం ఇమిడి ఉండదు. వరసల సంఖ్యని దాని లాగ్ లాగ్ లాగ్‌తో గుణిస్తే వచ్చేటంత స్థాయిని అందుకుంటూనే ఉంటుంది. లాగ్ లాగ్ లాగ్ ఎంత నత్తనడకంటే, ఒకటి పక్కన వంద సున్నాలు పెట్టిన సంఖ్యకి కూడా దాని విలువ రెండు దాటదు. అంటే సిల్వెస్టర్ 1000 దాకా కాదు, కోట్లదాకా పట్టిక వేసినా ఆ సంగతి కంటికి ఆనదు. రుజువుకి మాత్రమే ఆనుతుంది.

ఈ చౌలా 1933లో ఎక్కడికి వచ్చారనుకున్నారు? మన ఊరే! ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి, వాల్తేరుకి. 1936 దాకా ఇక్కడే గణితశాఖని నడిపి, తర్వాత లాహోరు వెళ్ళారు. దేశ విభజన తర్వాత అమెరికా. వాల్తేరులో దోషపదాల పని ఆయనతో ఆగిపోలేదు. డి. సూర్యనారాయణ, ఆర్. సీతారామచంద్రరావు గార్లు ఇదే ఫైకి దగ్గరి చుట్టమైన మరో ఫై మొత్తాల మీద 1973లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వ్యాసం వేశారు. ల్యాండౌ అనే జర్మన్ మహాశయుడి దోషపదాన్ని సీతారామచంద్రరావు గారు 1980లలో ఇంకా బిగించారు.

విశాఖ గణితం అంటే మనం ఏం చెప్పుకుంటాం? సర్ సి. వి. రామన్ తండ్రిగారు ఎ. వి. ఎన్. కాలేజీలో పాఠం చెప్పారని, సి. ఆర్. రావు గారు ఆంధ్రాలో చదివారని. చెప్పుకోవలసినవే. కానీ ఎ. వి. ఎన్. కాలేజీ డౌన్ దిగి రోజూ ఇంటికి పోయే నాకు, కొండెక్కితే వాల్తేరులో "ఎంత తప్పాం?" అన్న ప్రశ్న మీదే బతుకులు ధారపోసిన మనుషులు ఉండేవారని మూడేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఫై సూత్రం చెప్పారు. ఆరు బై పై స్క్వేర్ అని కూడా ఒక సారు సరదాగా చెప్పారు. దాని తర్వాత ఏం మిగిలిందో ఎవరూ చెప్పలేదు.

నా అభిప్రాయం ఇది. మన చదువులో జవాబు ఉంది, దోషం లేదు. జవాబు రైటు లేదా తప్పు, రెండు మార్కులు లేదా సున్నా. ఎంత దూరంలో తప్పాం, ఎందుకు తప్పాం, ఎవరు చెబితే నమ్మాం అన్న ప్రశ్నలకి మార్కుల్లేవు. ఫిజిక్సు ల్యాబ్‌లో మనం ఏం చేస్తున్నాం? జి విలువ 980 రావాలని ముందే తెలుసు కాబట్టి రీడింగుల్ని వెనకనుంచి వండుతున్నాం. నేనూ వండాను. నిజంగా వచ్చిన రీడింగు రాసి, ఇంత తేడా ఎందుకు వచ్చిందో నాలుగు వాక్యాలు రాస్తే మార్కులు పోతాయి. ఈ పద్ధతిలో పెరిగినవాడికి సిల్వెస్టర్ పట్టిక ఇస్తే 820 దగ్గర కూడా కళ్ళు మూసుకుని టిక్కు పెడతాడు.

"ఈ చుక్కల గొడవ ఎందుకు పనికొస్తుంది?" అని నా రూమ్మేటు లాంటి మిత్రుడొకడు అడిగాడు. పనికొస్తుంది బాబూ. 1977లో పుట్టిన ఆర్. ఎస్. ఎ. అనే రహస్య సంకేత పద్ధతి ఈ ఫై మీదే నిలబడింది. అయినా అది చెప్పి ఒప్పించడం నాకిష్టం లేదు. మా మామ్మ ముగ్గు ఎందుకు పనికొస్తుందని ఎవరూ అడగరు.

ఇంకొకాయన అడ్డు చెప్పారు: "సిలబస్ పూర్తిచేయడానికే టైము చాలదు, ఇవన్నీ ఎవరు చెబుతారు?" న్యాయమైన మాటే. అందుకే నేను సిలబస్ మార్చమనడం లేదు. యూనియన్ వారిని అడిగేది చిన్నది. ప్రతి ఇంటర్నల్ పరీక్ష అయ్యాక జవాబుల కీ మూడు రోజులు నోటీసు బోర్డులో పెట్టించండి. తప్పుందనిపించిన వాళ్ళు కాగితం మీద రాసి ఇవ్వాలి, ఎందుకు తప్పో చూపించాలి. అది నిజమైతే కీ మార్చి అందరి పేపర్లూ మళ్ళీ చూడాలి. ఎన్నికలప్పుడు క్యాంటీన్ గురించీ, బస్ పాసుల గురించీ వాగ్దానాలు చేశారు. వాటి పక్కన ఇది కూడా పెట్టుకోండి. ఖర్చు నాలుగు డ్రాయింగు పిన్నులు.

ఇది వస్తే లెక్చరర్ల పరువు పోతుందని కొందరు భయపడుతున్నారు. సిల్వెస్టర్ పరువు 820 దగ్గర పోయిందా? మేట్రిక్సుకి పేరు మార్చలేదు కదా. 1951లో పాల్ ఎర్డోష్, హెరాల్డ్ షపీరో ఆ తేడా ఒకసారి ముందు, ఒకసారి వెనక, అనంతంగా గుర్తు మారుస్తూనే ఉంటుందని రుజువు చేశారు. ఆ తేడా సరిగ్గా ఎంత పెద్దదన్నది ఇప్పటికీ తేలలేదు. పెద్దాయన తప్పు పట్టుకోబట్టే ఆ దారి తెరుచుకుంది.

కిందటి నెలలో ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, ఆ రోజు లైబ్రరీలో నాకు ఏ పనీ లేదని చెప్పాను. "తెలుసు" అంది. ఈ వ్యాసం డ్రాఫ్టు ఇచ్చి లెక్కలు సరిచూడమన్నాను. రెండు రోజులుంచుకుని వెనక్కిచ్చింది. 60కి నేను రాసిన జాబితాలో 49 వదిలేశానని ఎర్ర ఇంకుతో దిద్దింది. ప్రధాన సంఖ్య కాదు కదా అని నా తొందర. అది లేకపోతే పదిహేనే వస్తాయి!

820 తర్వాత లెక్క మళ్ళీ వెనకబడేది 1276 దగ్గర. అది ఇద్దరం విడివిడిగా వేసి చూశాం. తర్వాతది 1422. అది నేనొక్కడినే వేశాను, ఇంకా ఎవరూ సరిచూడలేదు. ఓపికున్నవాళ్ళు వేసి చూడండి. తప్పు దొరికితే థర్డ్ ఇయర్ మ్యాథ్స్ క్లాసులో ఆఖరి బెంచీ దగ్గరికి వచ్చి చెప్పండి. లేదా మార్గశిరంలో గురువారం తెల్లవారుజామున మా సందుకి రండి. మామ్మ గీత మొదలెట్టకముందే రావాలి.